సమాధికి ఇనుప బోను

ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఇనుప చట్రాలు బిగించిన సమాధులు కనిపిస్తాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు లోపలి పిశాచం లేచి రాకుండా వేశారేమో అనుకుంటారు. నిజానికి ఆ కాలపు జనం భయపడింది చచ్చినవాళ్లకు కాదు, బతికున్నవాళ్లకు. ఆ బోను పేరు మోర్ట్‌సేఫ్.

19వ శతాబ్దం మొదట్లో వైద్యం చదవాలంటే ఎడిన్‌బరోకే వెళ్లేవారు. శవాన్ని కోసి చూడందే శస్త్రవైద్యం పట్టుబడదు. 1752 నాటి చట్టం ప్రకారం ఉరితీసిన హంతకుల శవాలు వైద్యులకు దక్కేవి కానీ, అవి ఏ మూలకూ చాలేవి కావు. తాజా శవానికి మంచి ధర పలికేది. దాంతో రాత్రిళ్లు శ్మశానాల్లో పారలు కదిలాయి.

ఇనుప పార రాయికి తగిలితే ఖంగుమంటుంది, అందుకని చెక్క పారలు వాడేవారు. గొయ్యి మొత్తం తవ్వే పని లేదు. తలవైపు తవ్వి, పెట్టె మూత విరిచి, తాడు కట్టి శవాన్ని పైకి లాగేవారు. ఇంగ్లండ్ చట్టంలో శవం ఎవరి సొత్తూ కాదు, ఒంటిమీది గుడ్డ మాత్రం సొత్తే. అందుకే శవాన్ని పట్టుకుపోయే దొంగలు ఆ గుడ్డను విప్పి మళ్లీ గోతిలోనే పడేసేవారు! అయినవాళ్లు సమాధి మీద ఒక పుల్లో, గవ్వో ఆనవాలుగా పెట్టి, తెల్లారి అది కదిలిందా అని వచ్చి చూసుకునేవారు. ఆ గవ్వను తలచుకుంటేనే నా గుండె తరుక్కుపోతుంది.

1816 ప్రాంతంలో బోనులు వచ్చాయి. బరువైన కడ్డీలు, పలకలు పెట్టె చుట్టూ బిగించి తాళాలు వేసేవారు. ఆరు వారాలు గడిచి శవం కుళ్లిపోతే ఇక కొనేవాడుండడు. అప్పుడు బోను తీసి మరొకరికి వేసేవారు. కొన్ని ఊళ్లలో సంఘాలు పెట్టుకుని చందాలతో బోనులు కొన్నారు. చందా కట్టలేనివాళ్ల సమాధికి మట్టే కాపలా.

1827లో ఎడిన్‌బరోలో విలియం హేర్ ఇంట అద్దెకున్న ముసలి మాజీ సైనికుడు 4 పౌండ్ల బాకీ తీర్చకుండానే జబ్బుచేసి పోయాడు. హేర్, అతని స్నేహితుడు విలియం బర్క్ కలిసి ఆ శవాన్ని డాక్టర్ రాబర్ట్ నాక్స్ పాఠశాలలో 7 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మారు. ఆ డబ్బు రుచి చూశాక ఏడాది తిరిగేలోపు 16 మందిని చంపారు. ఎక్కువమంది పేదలు, దిక్కులేనివాళ్లు. తాగించి, ఊపిరాడకుండా చేసేవారు, ఒంటిమీద గాయం ఉండేది కాదు. హేర్ సాక్షిగా మారి బయటపడ్డాడు. నాక్స్ మీద కేసే లేదు. 1829 జనవరి 28న బర్క్‌ను ఉరితీసి, అతని శవాన్నీ కోశారు. ఆ అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం మ్యూజియంలో నిలబడి ఉంది.

1832లో అబర్డీన్ దగ్గర ఉడ్నీ గ్రీన్‌లో గుండ్రటి రాతి శవగృహం కట్టారు. లోపల తిరిగే చెక్క వేదిక, దాని మీద ఏడు శవపేటికలు. కొత్తది వచ్చినప్పుడల్లా వేదికను తిప్పేవారు. పేటిక చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపలి శవం దొంగకు పనికిరాకుండా పోయేది.

అదే ఏడాది వచ్చిన శరీరశాస్త్ర చట్టంతో ఆ వేదికకూ బోనులకూ పని తప్పింది. వైద్య పాఠశాలలకు శవాలు ఇక చట్టబద్ధంగానే అందాయి, పేదల శరణాలయాల్లో చనిపోయి, ఎవరూ అడగడానికి రానివారి శవాలు.