పురుషుని స్త్రీవేషము

ఆదోనికి సమీపమున సంతెకుడ్లూరు అను గ్రామము కలదు. హోళీ పండుగకు ఆ యూరి పురుషులు చీరలు కట్టి, రవికలు తొడిగి, గాజులు వేసికొని, పువ్వులు ముడిచి, మెడనిండ నగలు దాల్చి, పళ్లెములలో పూజాద్రవ్యములతో రతీమన్మథుల గుడికి పోవుదురు. ఇది నాటకము కాదు, పరిహాసమును కాదు. కోరిక యీడేరినవాడు మ్రొక్కు తీర్చుకొనుటకును, ఈడేరవలెనని కోరువాడు మ్రొక్కుకొనుటకును ఈ వేషము ధరించును. ఇంటి యాడువారే దగ్గరనుండి కుచ్చెళ్లు సవరించి, నగలు పెట్టి పంపుదురు. ఇది మగ్గముల సీమ. 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిన ఎమ్మిగనూరు ఇక్కడికి దూరము కాదు. చీర నేయు మగవాడు ఏడాది కొకసారి చీర కట్టిన తప్పేమి యని ఈ ప్రాంతపువా డడిగినచో మాకు బదులు తోచదు.

పట్టణములనుండి వచ్చు పత్రికలవారు దీనిని ఏటేట ఒక వింతగా వ్రాయుదురు. వింత యనుటకు ముందు మన నిఘంటువును తెరచి చూడవలసి యున్నది. అమరసింహుడు నాట్యవర్గమున స్త్రీవేషము ధరించి యాడు పురుషునికి భ్రకుంసుడు, భ్రుకుంసుడు, భ్రూకుంసుడు అని మూడు రూపములలో పేరు చెప్పినాడు. లోకమున లేని వస్తువునకు మూడు పేర్లు పుట్టవు. అంతకు చాల పూర్వమే పతంజలి మహాభాష్యమున స్త్రీలింగ విచారము చేయుచు ఈ నటుని తెచ్చి నడుమ నిలిపెను. స్తనములును కేశములును గలది స్త్రీ యని లక్షణము చెప్పినచో, భ్రూకుంసునకు సైతము స్త్రీ ప్రత్యయము చేర్పవలసి వచ్చునుగదా యని యచ్చట ఆక్షేపణ. రెండువేల యేండ్ల క్రిందటి వ్యాకరణ శాల యది. చీర కట్టిన మగవానిని చూచి వారు నవ్వనూ లేదు, ఛీకొట్టనూ లేదు. వాడు తమ సూత్రమున కెచ్చట అడ్డువచ్చునో యని మాత్రము చింతించిరి. తరగతిలో ఈ భాగము చెప్పునపుడు పిల్లలు నవ్వుదురు. మేము నవ్వనిచ్చి, తరువాత అర్థము చెప్పుదుము.

తెలుగుదేశమున ఈ వేషమునకు సంబంధించిన కథలలో మాకు మిక్కిలి గొప్పదిగా తోచునది మాచుపల్లె కైఫీయతులోనిది. క్రీ. శ. 1500 ప్రాంతమున సిద్ధవటము సీమ నేలిన సంబెట గురవరాజు అను సామంతుడు, పన్ను చెల్లింపని ప్రజల ఆడువారిని పట్టితెప్పించి, వారి స్తనములకు చిరుతలు పట్టించి బాధించెడివాడట. కూచిపూడి భాగవతులు ఆ సీమ మీదుగా పోవుచు ఈ ఘోరమును కనిరి. విజయనగరము చేరి వీరనరసింహరాయల యెదుట ప్రదర్శనమునకు సెలవు పొంది, ఒకడు గురవరాజుగను, ఇరువురు భటులుగను, ఒకడు చిత్రహింస పడు స్త్రీగను వేషములు కట్టి కన్నదానిని కన్నట్లే ఆడి చూపిరి. రాజు విషయము గ్రహించి సేన నంపి గురవరాజును శిక్షించెనని కైఫీయతు చెప్పుచున్నది. రాజసభలో తన గోడు చెప్పుకొన నోరులేని స్త్రీ తరఫున ఆనాడు నిలిచినవాడు చీర కట్టిన పురుషుడు. స్త్రీవేషము స్త్రీజాతికి పరిహాసమని తేలికగా తీర్పు చెప్పువారు ఈ కథను తలచవలెను.

ఆ భాగవతుల యూరిలోనే సిద్ధేంద్రయోగి పేర భామాకలాపము వెలసినది. సత్యభామ వేషధారి మొదట ముఖము చూపడు. తెర పట్టియుండగా దానిమీదుగా తన జడను విసరును. ఆ జడ మామూలు జడ కాదు. నడినెత్తిన రాగిడి, దాని క్రింద చంద్రవంక, జడ పొడవున బిళ్లలు, కొనను కుచ్చులు. విద్యలో నన్ను గెలువగలవా డెవడైన నున్నచో వచ్చి ఈ జడను పట్టవలెనని దాని సవాలు. ఓడినచో జడ కోసివేయుటకు సిద్ధమని పందెము. ఆభరణము ఇక్కడ అలంకారము మాత్రమే కాదు, పాండిత్యమునకు పెట్టిన పణము. ఈ వేషము పరంపరగా మగవారిదే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు ఈ విద్య చెప్పుటతో తలుపు తెరువబడినది. తలుపు తెరచిన తరువాత సైతము వేదాంతం సత్యనారాయణ శర్మగారి (1935–2012) భామను చూచుటకు జనము కరవు కాలేదు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది.

మన సీమకు మరల వత్తము. ఆదోని 1800 వరకు నిజాముది, తరువాత దత్తమండలములలోనిది, 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. కావున ఆధునిక నాటకమన్నచో ఆదోనివారికి బళ్ళారియే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడిపిరి. ఇరువురును వకీళ్లు. ఈ సభలలో నటులు ఉద్యోగులు, గుమాస్తాలు, ప్లీడర్లు. చిత్రాంగి కూడ వారిలో ఒకడే. పగలు కచేరిలో కాగితములు కట్టినవాడు రాత్రి సారంగధరుని మోహించి నిట్టూర్చవలెను.

ఎందుచేత? ఆడువారు లేకనా? ఆడవిద్య తెలిసిన స్త్రీలు తెలుగుదేశమున తరతరములుగా నుండిరి. వారిని సంఘము వెలయాండ్రని పేరు పెట్టి వేరుపరచినది. వీరేశలింగము పంతులుగారి నాటినుండి మనము భోగము మేళముల నిరసించితిమి. నిరసించుటకు కారణములు గలవు, కాదనము. కాని మేళమును వెళ్లగొట్టిన సభ్యులే టిక్కెట్టు కొని, చింతామణిగను మధురవాణిగను వేషము వేసిన పురుషుని చూచి పరవశులైరి. వేశ్య పనికిరాదు, వేశ్య వేషము పనికివచ్చినది. కులస్త్రీ రంగమెక్కరాదు, వేశ్య ఎక్కరాదు, ఇక మిగిలినవాడు మగవాడే. ఈ లెక్కలో దోషమును సంస్కర్తలలో పలువురు చాలకాలము చూడలేదు.

అట్లని ఆ నటుల విద్యను తక్కువ చేయము. స్థానం నరసింహారావుగారు (1902–1971) బాపట్లలో పుట్టి తెనాలి రామవిలాస సభలో పేరెక్కిరి. రోషనార వేరు, చిత్రాంగి వేరు, మధురవాణి వేరు. చీర కట్టు, కొప్పు, నడక, చూపు పాత్రను బట్టి మారెడివి. శ్రీకృష్ణతులాభారమున సత్యభామకు కావలసిన పాటను తానే వ్రాసికొని, దానిని పలుమారులు భావము మార్చి మార్చి అభినయించెడివారు. 1956లో పద్మశ్రీ పొందిరి. మహారాష్ట్రమున బాలగంధర్వుడు (1888–1967) కట్టిన చీరలను, పెట్టిన నగలను చూచి పూనా, బొంబాయి గృహిణులు తమ కట్టు మార్చుకొనిరి. గుజరాతీ రంగమున జయశంకర్ సుందరి విషయమును అంతియే. బాలగంధర్వుడు మేలైన చీరలకును అత్తరులకును వెనుదీయక వ్యయము చేసి, తన మండలిని అప్పులలో ముంచెను. జపానులో 1629లో స్త్రీలను కాబుకి రంగమునుండి నిషేధించిన తరువాత, స్త్రీవేషధారులను చూచియే యెదో నగర స్త్రీలు అలంకరణము నేర్చిరి. భార్యను నాటకశాల ముంగిట త్రొక్కనీయని గృహస్థుడు, నాటకశాలలో మగవాడు కట్టిన తీరున చీర కట్టుకొన్న భార్యను చూచి సంతోషించెడివాడు. దీనికి నవ్వవలెనో యేడ్వవలెనో చదువరులే చెప్పవలెను.

ఈ ముడిని విప్పుటకు పూనుకొన్నవాడు బళ్ళారివాడే యగుట మనకు గర్వము. ధర్మవరమువారి మేనల్లుడైన బళ్ళారి రాఘవాచార్యులు (1880–1946), తానును వకీలే, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులైన కుటుంబస్త్రీలు ఆయన సరసన రంగమెక్కిరి. ఆ స్త్రీలు విన్న మాటలు ఏవో మనము ఊహించుకొనవచ్చును. ఇంగ్లండులో ఈ మార్పు 1660లో రాజు తిరిగివచ్చుటతో వచ్చినది. అంతవరకు డెస్డిమోనా, ఓఫీలియా పాత్రలన్నియు బాలురవే. 1662లో రెండవ చార్లెసు తన పత్రమున స్త్రీపాత్రలు స్త్రీలకే యని వ్రాయించెను. అక్కడ రాజాజ్ఞ చేసిన పనిని ఇక్కడ ఒక వకీలు ఆజ్ఞ యేమియు లేక చేయ బూనెను. అయినను న్యాయము చెప్పవలసి వచ్చినచో, కడప సీమ సురభి గ్రామమున 1885లో మొదలైన నాటక కుటుంబములో స్త్రీలు అంతకుముందే వేషములు వేయుచుండిరి. వారు పండితులు కారు, ఉపన్యాసము లీయలేదు. అందుచేత వారి పేరు సంస్కార చరిత్రలో ఆలస్యముగా ఎక్కినది.

ఇంకొక విషయము చెప్పక విడువరాదు. రంగముమీది చీరకు పతకములు దొరకిన కాలముననే వీథిలోని చీరకు సంకెళ్లు దొరకినవి. 1871 నాటి నేరస్థ జాతుల చట్టములో ఒక భాగము, నపుంసకులని జాబితా కెక్కినవారు స్త్రీవేషముతో బహిరంగముగ కనబడినచో పట్టి శిక్షింపవచ్చుననెను. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, అట్టి చట్టమే వచ్చినది. చీర కట్టి నగలు పెట్టి వీథిలో కనబడుటయు, పాడుటయు, ఆడుటయు నేరములు, వారంటు లేకయే పట్టవచ్చును, రెండేండ్లవరకు చెర. సత్యభామకు చప్పట్లు కొట్టి సభ వెలుపలికి వచ్చిన పెద్దమనిషి, అదే చీర అదే కొప్పుతో మసీదు మూలను నిలిచియున్న హిజ్రాను చూచి ముఖము త్రిప్పుకొనెడివాడు. ఒకనికి వేషము తీసివేయు వేళ గలదు, రెండవవారికి లేదు. భేద మింతియే. 2014 ఏప్రిలు 15న సుప్రీము కోర్టు ఇట్టివారిని మూడవ లింగముగ గుర్తించినది. అప్పటికిని హైదరాబాదు చట్టము పుస్తకములో నిలిచియే యుండెను. దానిని తెలంగాణ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది 2023 జులైలో.