పతకం వెనక వైపు

ఒకే శిలువ. ముందు వైపు అదే డేగ, అవే లాటిన్ అక్షరాలు. తిప్పి చూస్తే కొన్నిటి మీద 1792 అని, కొన్నిటి మీద 1831 అని ఉంటుంది. మొదటి రకం పోలండు కోసం పోరాడినవాళ్ళది. రెండోది, పోలండు తిరుగుబాటును అణిచేసిన రష్యన్ సైనికులకి జారు నికోలస్ పంచిపెట్టింది! ఓడిన జాతి శౌర్య పతకాన్నే ఆ జాతిని ఓడించినవాళ్ళ ఛాతీకి తగిలించాడన్నమాట. ఈ సంగతి చదివిన దగ్గర్నుంచీ పాత పోలిష్ ఆఫీసరు ఫొటో కనిపిస్తే కళ్ళు ముందు ఛాతీ మీదికే పోతున్నాయి.

ఆ పతకం పేరు విర్టూటి మిలిటారి. 1792 జూన్‌లో రష్యన్లతో జరిగిన ఒక పోరులో గెలిచాక రాజు స్టానిస్వాఫ్ ఆగస్ట్ దీన్ని నెలకొల్పాడు. తొలి గ్రహీతల్లో సేనాని కొష్చూష్కో ఒకడు. అదే ఏడాది పతకాన్ని నిషేధించారు. నెపోలియన్ కాలంలో మళ్ళీ బతికింది. 1831 తర్వాత జారు దాన్ని పైన చెప్పినట్టు వాడుకున్నాడు. 1918లో దేశం మళ్ళీ లేచి నిలబడితే, మరుసటి ఏడాది ఆగస్టులో పార్లమెంటు పతకాన్ని తిరిగి తెచ్చింది.

అక్కణ్ణుంచి 1939 దాకా ఉన్న ఇరవై ఏళ్ళంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆ కాలపు ఫొటోలో నాలుగు మూలల టోపీ మీద కిరీటం పెట్టుకున్న డేగ ఉంటుంది. కమ్యూనిస్టులు వచ్చాక ఆ కిరీటం తీసేశారు, 1990లోగాని తిరిగి రాలేదు. భుజం మీద నక్షత్రాలు లెక్కపెడితే హోదా తెలుస్తుంది: ఒకటైతే సెకండ్ లెఫ్టినెంటు, మూడైతే కెప్టెను. విర్టూటి మిలిటారి రిబ్బను నీలం, రెండంచుల్లోనూ నల్ల చారలు. ఆనాటి ఫిల్ము చాలావరకు నీలాన్ని తెల్లగానూ ఎరుపును నల్లగానూ చూపేది. అందుకని ఫొటోలో వెలిసినట్టున్న రిబ్బనుకి నల్లటి అంచులు కనిపిస్తే ఆశపడవచ్చు. దాని పక్కన శిలువ ఆకారంలో మరోటుంటే అది 1920 ఆగస్టులో, బోల్షెవిక్కులతో యుద్ధం నడుస్తుండగా పుట్టిన శౌర్య శిలువ కావచ్చు. దాన్ని ఒకే మనిషికి నాలుగుసార్ల దాకా ఇచ్చేవారు. మళ్ళీ మళ్ళీ వచ్చిందని చెప్పడానికి రిబ్బను మీద అడ్డంగా చిన్న లోహపు పట్టీలు వేసేవారు.

అయితే మనిషిని పట్టించేది ఎడమ జేబు మీది రెజిమెంటు బ్యాడ్జి. ప్రతి రెజిమెంటుకీ తనదంటూ ఒకటి ఉండేది. ఆఫీసర్లది రంగుల ఎనామెలుతో, సిపాయిలది చాలావరకు ఉత్త లోహంతో. బ్యాడ్జి తెలిస్తే ఊరు తెలుస్తుంది. 14వ ఉలాన్ అశ్వికదళం ల్వూఫ్‌లో ఉండేది. ఆ ఊరు ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఆ దళాలు 1939తో చెదిరిపోయాయి, బ్యాడ్జి మాత్రం ఫొటోలో మిగిలింది. పతకాల గురించి రాసేవాళ్ళు పెద్ద శిలువల మీద పేజీలు నింపి ఈ చిన్నవాటిని ఒక వాక్యంతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వైమానికుల చిహ్నాల్లో నాకు ముచ్చటైనది కొష్చూష్కో స్క్వాడ్రనుది. 1919లో పోలండుకి స్వచ్ఛందంగా వచ్చిన అమెరికన్ పైలట్లలో ఒకడైన ఎలియట్ చెస్ దాన్ని గీశాడు. రైతుటోపీ, ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పొడవాటి కొడవళ్ళు, అమెరికా తొలి జెండాలోని 13 నక్షత్రాలు, 13 చారలు. 1794లో కొష్చూష్కో వెంట కొడవళ్ళు పట్టుకుని ఫిరంగుల మీదికి ఉరికిన రైతులకి గుర్తు అది. కొష్చూష్కో అంతకుముందు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోనూ పోరాడాడు. ఆ స్క్వాడ్రను స్థాపకుల్లో ముఖ్యుడు మెరియన్ కూపరుకి విర్టూటి మిలిటారి దక్కింది. తర్వాత హాలీవుడ్డుకి వెళ్ళి ‘కింగ్ కాంగ్’ తీసిందీ ఆయనే! 1940లో ఇంగ్లండు ఆకాశంలో పోరాడిన 303వ పోలిష్ స్క్వాడ్రను అదే చిహ్నాన్ని పెట్టుకుంది.

అదే ఏడాది కాటిన్‌లోనూ మరికొన్నిచోట్లా సోవియట్ రహస్య పోలీసులు దాదాపు 22 వేలమంది పోలిష్ బందీలను కాల్చి చంపారు. 1943లో కాటిన్ గోతులు తవ్వితే శవాల మీద భుజపట్టీలు, గుండీలు, శిలువలు దొరికాయి.

1944 మే నెలలో ఇటలీలోని మోంటే కసినో కొండ ఎక్కిన పోలిష్ సైనికులకి ఇచ్చిన శిలువల మీద వరస నంబర్లున్నాయి. ఆ ఏడాది మొదట్లో అదే కొండ కోసం మన నాలుగో ఇండియన్ డివిజన్ రక్తం ధారపోసింది. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులకి ఇచ్చిన పతకాల మీద సాధారణంగా సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మీ ఇంట్లో తాతగారి పతకం ఉంటే పాలిష్ పెట్టకండి. భూతద్దం పట్టుకుని అంచులూ, వెనక వైపూ చూడండి. ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి, ఆయన ఫొటోతో కలిపి దాచండి.