ఒలీవ: దీపము, అభ్యంగనము, ఆహారము

'నూనె' అను మన మాటలోనే నువ్వు దాగియున్నది. నువ్వుల నెయ్యి నూనె అయినది. సంస్కృతమునందలి తైలము కూడ తిలల నుండియే పుట్టినది. అట్లే ఆంగ్లేయుల 'ఆయిల్' అను మాట గ్రీకుల 'ఎలైయా' నుండి లాటిను మీదుగా వచ్చినది. ఎలైయా యనగా ఒలీవ. కావున వారు 'ఆలివ్ ఆయిల్' అనుట, మనము 'నువ్వుల నూనె' అనుట వంటిదే. చెప్పిన మాటను మరల చెప్పుటయే. తెలుగు బైబిలు చదివినవారికి ఒలీవ పేరు క్రొత్త కాదు. ఆరోగ్యము పేరిట నేడు మన పట్టణములలోని దుకాణములకు వచ్చి చేరిన ఈ నూనె తన పుట్టినింట ఏయే పనులు చేసినదో తెలిసికొన్నచో, దానినుండి మనమేమి ఆశింపవచ్చునో కూడ తెలియగలదు.

మధ్యధరా సముద్రపు తూర్పు తీరమున సుమారు 6,000 ఏండ్ల క్రిందటనే మానవుడు ఒలీవను పెంచుట నేర్చెను. రాతినేలను, వానలేని వేసవిని ఓర్చుకొని నిలుచు చెట్టు ఇది. కాని చెట్టునుండి కోసిన కాయ నోట పెట్టరానంత చేదు. దినముల తరబడి నీరు మార్చుచు నానవేసి, ఉప్పునీట ఊరవేసిన పిదపనే అది తినదగును. మన ఊరగాయవలె అదియు నిలువ సరుకే. నూనె కొరకైనచో కాయను గింజతో సహా రాతి క్రింద నలిపి, ఆ ముద్దను బుట్టల కెత్తి, ఒకదానిపై నొకటి పేర్చి, పెద్ద దూలముతో అదుముదురు. కారిన రసము తొట్టిలో నిలిచిన పిదప నూనె పైకి తేలును. ఫిలిష్తీయుల పట్టణమైన ఎక్రోను శిథిలములలో క్రీ.పూ. 7వ శతాబ్దమునాటి ఇట్టి గానుగలు నూరుకు పైగా బయల్పడినవి.

ఏథెన్సు నగరమునకు ఏథీనా దేవత ఇచ్చిన వరము ఒలీవయే యని గ్రీకుల పురాణము. పంటలలో ఒలీవ నూనె తప్ప తక్కినవేవియు ఎగుమతి చేయరాదని క్రీ.పూ. 6వ శతాబ్ది ప్రారంభమున సోలను శాసించెనని ప్లూటార్కు వ్రాసెను. ఆ నగరపు క్రీడోత్సవములందు గెలిచినవారికి బహుమానము, పవిత్రవృక్షముల నూనె నింపిన చిత్రిత కలశములు. క్రీడాకారులు దేహమునకు నూనె పట్టించి వ్యాయామము చేసి, పిదప వంపుగల లోహపు బద్దతో నూనెను, చెమటను, ధూళిని కలిపి గీకివేయుదురు. మన అభ్యంగనమునకు సున్నిపిండి యెట్లో వారికి ఆ బద్ద అట్లు. ప్రొద్దు గ్రుంకినచో అదే నూనె ప్రమిదలో వెలుగును. గాయమునకు పూయుటకును, మూలికలతో లేపనములు కూర్చుటకును అదియే ఆధారము. క్రీ.శ. 1వ శతాబ్ది వైద్యుడు డయస్కోరిడీసు గ్రంథము ఇందుకు సాక్షి.

రోము నగరమున టైబరు నది చేరువను మోంటే టెస్టాచో అను గుట్ట కలదు. ఎత్తు సుమారు 35 మీటర్లు. ఆ గుట్ట యంతయు పగిలిన నూనె జాడీల పెంకులే! అందు పెక్కు దక్షిణ స్పెయినునుండి ఓడలపై వచ్చినవి; ఒక్కొక్కటి సుమారు 70 కిలోల నూనె పట్టునట్టిది. మట్టిలో ఇంకిన నూనె కనరు వాసన కొట్టుటచే వానిని మరల వాడక, పగులగొట్టి వరుసలుగ పేర్చి, పైన సున్నము చల్లిరి. నూనె బరువును, వర్తకుల పేర్లను తెలుపు వ్రాతలు ఆ పెంకులపై నేటికిని కనబడుచున్నవి. రోము ప్రజల వంటయు, దీపమును, స్నానమును ఎంత నూనె కోరెనో ఈ గుట్టయే లెక్క చెప్పుచున్నది.

పిమ్మట అలెప్పో, నాబ్లుసు, మార్సెయి పట్టణములు ఈ నూనెతో చేసిన సబ్బుకు ప్రసిద్ధి కెక్కినవి. మార్సెయి సబ్బులో మరియొక క్రొవ్వు కలుపరాదని 1688లో ఫ్రెంచి రాజశాసనము వెలువడినది. 19వ శతాబ్దమున కిరసనాయిలు వచ్చి దీపమును, ఇతర తైలములు వచ్చి సబ్బులో పెద్దపాలును తీసికొనిపోగా, ఒలీవకు ముఖ్యముగ మిగిలినది భోజనపు పళ్ళెమే.

ఆ పళ్ళెమునుండియే దానికి క్రొత్త కీర్తి కలిగినది. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఏడు దేశములలో ఆరంభించిన పరిశీలనలో, క్రీటు ద్వీపవాసులకు గుండెజబ్బులు మిక్కిలి తక్కువయని తేలినది. వారు తిను క్రొవ్వులో అధికభాగము ఒలీవ నూనెయే. అయితే వారు పొలములలో కాయకష్టము చేయువారనియు, కూరగాయలు, పప్పుధాన్యములు, పండ్లు మెండుగా, మాంసము కొద్దిగా తినువారనియు మనము మరువరాదు. స్పెయినులో 7,447 మందిపై జరిగిన పరిశోధన 2013లో వెలువడి, పద్ధతిలోని లోపములవలన ఉపసంహరింపబడి, 2018లో సవరణతో మరల ప్రకటింపబడినది. ఒలీవ నూనెతోగాని, బాదము, అక్రోటు వంటి పప్పులతోగాని కూడిన మధ్యధరా భోజనము చేసినవారిలో గుండెపోటు, పక్షవాతము వంటివి సుమారు 30 శాతము తగ్గెనని అందలి ఫలితము. అచట పరీక్షింపబడినది భోజనము. ఒంటరి నూనెచుక్క కాదు.

గృహిణులు గమనింపవలసినది ఇదియే. ఈ నూనెయందు ఒలీయిక్ ఆమ్లము హెచ్చు. వెన్నకు, వనస్పతికి బదులుగ వాడినచో గుండెకు మేలు. ఉన్న క్రొవ్వుపై అదనముగ పోసికొన్నచో, ఒక పెద్ద చెంచాకు సుమారు 120 కేలరీలు చేరును. ఊరవేసిన కాయలలో ఉప్పు అధికమగుటచే రక్తపోటు గలవారు మితము పాటింపవలెను. మన నువ్వుల నూనెలోను, వేరుశనగ నూనెలోను ఒలీయిక్ ఆమ్లము తగినంత కలదు. ఖరీదైన సీసా కొనలేని యింట ఆరోగ్యము కరవగునని ఎవరును బెంగపడనక్కరలేదు. క్రీటు రైతు తన పెరటి నూనెను మందని త్రాగలేదు. కూరలో, పప్పులో కలుపుకొని తిని పొలమునకు పోయెను.