ఉస్తాదు నడవడికకు సాక్షులెవరు? కొండపల్లి మక్తబ్‌ల నేపథ్యంలో ఒక పరిశీలన

కొండపల్లిలోనైనా, విజయవాడ ఇస్లాంపేటలోనైనా ముస్లిం పిల్లలు చాలామందికి రోజూ రెండు బడులు. పగలు తెలుగు మీడియమో ఇంగ్లిషు మీడియమో. ఫజర్ (వేకువ) నమాజు తర్వాతో, సాయంత్రం నమాజు వేళల్లోనో మసీదు మక్తబ్. ఇళ్లల్లో ‘అరబ్బీకి వెళ్లారు’ అంటారు. దేశంలో బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలో చదివేవారు 4 శాతానికి మించరని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. తక్కిన వాళ్లలో ఎక్కువమందికి మతవిద్య అందేది ఈ మక్తబ్‌లోనే. అందుకే ఇస్లామీయ విద్యలో ఉపాధ్యాయుడి శీలం గురించిన చర్చ పెద్ద దారుల్ ఉలూమ్‌ల దగ్గర కాక, కాయిదా (అరబ్బీ అక్షరాల పుస్తకం) పట్టుకొచ్చిన ఆరేళ్ల పిల్లకు పాఠం చెప్పే ఉస్తాదు దగ్గర మొదలవాలి.

ఆయన్ని నియమించేటప్పుడు మసీదు కమిటీ సాధారణంగా చూసేది సనదు (యోగ్యతాపత్రం): ఖురాన్ కంఠస్థం చేసిన హాఫిజా, మతపండితుడైన ఆలిమా, తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ) ఎలా ఉంది, ఎక్కడ చదివాడు. ప్రభుత్వం చూపూ ఇంతకంటే భిన్నం కాదు. మదరసాల్లో గణితం, సైన్సు వంటి పాఠాలు చెప్పేవారి కోసం 2009-10లో కేంద్రం తెచ్చిన పథకం డిగ్రీ ఉన్నవారికి నెలకు 6,000, పీజీ లేదా బీఈడీ ఉన్నవారికి 12,000 రూపాయలు నిర్ణయించింది. రెండుచోట్లా లెక్కకు వచ్చింది చదువే. నడవడిక మాట వచ్చేది ఎవరైనా తల్లి కమిటీ ముందుకొచ్చి ఫిర్యాదు చేసినప్పుడు. దీనికి తోడు చట్టంలో ఒక ఖాళీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012 సవరణ మదరసాలను, వేద పాఠశాలలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. క్రూరత్వాన్ని శిక్షించే ఇతర చట్టాలు ఉన్నా, అవి దెబ్బ తగిలాక వచ్చేవి. శీలాన్ని ముందే అంచనా కట్టే బాధ్యత జమాత్ మీదే పడుతోంది.

ఆధునిక మనోవిజ్ఞానం దీనికి ప్రశ్నావళిని ఇస్తుంది. మలేషియాలో పుత్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టీవెన్ క్రౌస్, అజిమీ హంజా 2000ల దశకంలో ముస్లింల ధార్మికతకూ వ్యక్తిత్వానికీ కలిపి ఒక కొలమానం తయారుచేశారు. 2008లో అబూ రయ్యా, పార్గమెంట్ తదితరులు మరొకటి ప్రచురించారు. శ్రద్ధగా చేసిన పనులే. కానీ వాటిని తెచ్చి మక్తబ్ ఉస్తాదు చేతికిస్తే ఏమవుతుంది? ‘నేను అబద్ధమాడను’, ‘నమాజు వదలను’ అన్న వాక్యాల ఎదుట ఆయన వేయగల టిక్కు ఒక్కటే. వృత్తే ధార్మికమైన మనిషికి వేరే జవాబు లేదు. అందరికీ పై మార్కులే వచ్చినప్పుడు అక్కడ కొలత జరగనట్టే. మెప్పు పొందే జవాబు వైపు మనుషులు ఎంతగా ఒరుగుతారో పట్టుకోవడానికి క్రౌన్, మార్లో 1960లోనే ఒక స్కేలు తయారుచేయవలసి వచ్చింది. ప్రశ్నావళి విశ్వసనీయతకు కొలతగా వాడే క్రోన్‌బాక్ ఆల్ఫా ఎంత ఎక్కువ వచ్చినా అది జవాబుల పొందికను చూపుతుందే కానీ నిజాయితీని చూపదు. అమెరికాలో హార్ట్‌షోర్న్, మే 1928-30 మధ్య వెలువరించిన అధ్యయనాల్లో దాదాపు 11 వేలమంది పిల్లలను రకరకాల సందర్భాల్లో పరీక్షించారు. పరీక్షలో కాపీ కొట్టనివాడు ఆటలో మోసం చేయడని చెప్పలేమని తేలింది. శీలం గురించి సందర్భం చెప్పకుండా అడిగే ప్రశ్నకు విలువ తక్కువ.

ఈ సంగతి ఇస్లామీయ సంప్రదాయానికి కొత్త కాదు. రెండో ఖలీఫా ఉమర్ గురించి ప్రసిద్ధమైన కథనం ఒకటుంది. ఒక మనిషి మంచివాడని మరొకడు సాక్ష్యం చెప్పబోతే ఆయన మూడు సంగతులు అడిగారట: అతని ఇంటి పక్కన ఉన్నావా, అతనితో ప్రయాణం చేశావా, డబ్బు వ్యవహారం నడిపావా? మూడింటికీ లేదనే సమాధానం. అయితే మసీదులో తల వంచుతూ ఎత్తుతూ ఉండగా చూసి ఉంటావు, నీకతను తెలియడు పొమ్మన్నారట. ఆరాధన ప్రమాణం కాదని కాదు. అది అందరి కళ్ల ముందూ జరిగేది. పొరుగు, ప్రయాణం, పైసా దగ్గర మనిషి కాపలా తగ్గుతుంది.

హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖన) పండితులు దీన్ని ఒక శాస్త్రంగానే పెంచారు. జర్హ్, తాదీల్ అనే ఆ విద్య ప్రతి కథకుడినీ శీలం, జ్ఞాపకశక్తి అనే రెండు కొలతలతో తూచింది. 15వ శతాబ్దంలో ఇబ్న్ హజర్ తన ‘తక్‌రీబ్’లో కథకులను పన్నెండు అంతస్తులుగా విడదీశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేవి అంకెల కంటే వాటి వెనకున్న నియమాలు. మెచ్చుకోలుకు కారణం చెప్పకపోయినా చెల్లుతుంది; తప్పు పడితే మాత్రం ఆ తప్పేమిటో విప్పి చెప్పాలని చాలామంది పట్టుబట్టారు. సమకాలికులు పోటీకొద్దీ ఒకరిమీద ఒకరు చెప్పుకున్నదాన్ని యథాతథంగా తీసుకోలేదు. పాత ఉస్తాదుకూ కొత్త ఉస్తాదుకూ, రెండు వర్గాల కమిటీ సభ్యులకూ మధ్య నలిగే మన మక్తబ్‌లకు ఈ రెండు నియమాలూ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. ఆడవాళ్ల సాక్ష్యం మాటకొస్తే, ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా మీద నింద పడినప్పుడు ఆయన ఆమె నడవడిక గురించి ఇంట్లో పనిచేసే బరీరాను అడిగారు. అంత సున్నితమైన విషయంలో పనిమనిషి మాటకు విలువ ఉంటే, పిల్లను మక్తబ్‌కు దింపి వెళ్లే తల్లి మాటకు ఎందుకు ఉండకూడదు?

సాక్షులను ఏమి అడగాలన్నది ఇస్లామీయ పండితుడు గజాలీ (1058-1111) దగ్గర దొరుకుతుంది. ‘ఇహ్యా’ మొదటి గ్రంథంలో ఆయన గురువుకు ఎనిమిది విధులు చెప్పారు. శిష్యులను సొంత బిడ్డల్లా చూడడం, తప్పును నలుగురిలో కాక సూచనగా దిద్దడం, ఇతర విద్యలను చులకన చేయకపోవడం, పిల్ల బుద్ధికి అందేంతే చెప్పడం, చెప్పినదాన్ని తాను ఆచరించడం వాటిలోవి. ఇవి బయటికి కనిపించే పనులు, కాబట్టి అడగవచ్చు. సబఖ్ (పాఠం) అప్పజెప్పలేని పిల్లను గత నెలలో ఏం చేశారు? బడి పరీక్షల రోజుల్లో లెక్కలు, సైన్సు గురించి ఏమన్నారు? జీతం కట్టలేని ఇంటి పిల్లను ఏ వరుసలో కూర్చోబెట్టారు? కఠినంగా పెంచిన శిష్యుడు అబద్ధం, కపటం నేర్చుకుంటాడని చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో హెచ్చరించారు. అంటే పిల్లలు ఆయన దగ్గర నిజం చెప్పగలుగుతున్నారా అన్నదే ఉస్తాదు శీలానికి ఒక సూచిక.

కొండపల్లిలో ఈ పద్ధతికి అనుకూలత ఉంది. ఊరు ఎవరికీ ఎవరూ తెలియనంత పెద్దది కాదు. హజ్రత్ సయ్యద్ షా బుఖారీ దర్గా ఉర్సుకు హిందువులూ ముస్లింలూ కలిసి వచ్చే చోటు. ఉస్తాదు అప్పు పెట్టే కిరాణా కొట్టు యజమాని ఏ మతస్థుడైనా, ఉమర్ అడిగిన మూడో ప్రశ్నకు అతనే సరైన సాక్షి. పొరుగింటివారు, ఇద్దరు ముగ్గురు తల్లులు, చదువు ముగించి వెళ్లిన విద్యార్థులు, ఒక వ్యాపారి: వీరిని విడివిడిగా, ఇంట్లో మాట్లాడే భాషలోనే, ఫలానా రోజు ఫలానా సంఘటన అంటూ అడగాలి. ఆడపిల్లలకు చెప్పే ఆపాల (ఉపాధ్యాయినుల) విషయంలో తల్లులే ప్రధాన సాక్షులు. ఒక్క సాక్షి చెప్పినదాన్ని పక్కన ఉంచి, వేర్వేరు సంబంధాల నుంచి వచ్చి కలిసిన మాటనే లెక్కలోకి తీసుకోవాలి. అయితే పిల్లలకు హాని గురించిన మాటైతే సాక్షుల సంఖ్య కోసం ఆగకూడదు, వెంటనే విచారించాలి.

నియ్యత్ (సంకల్పం), ఇఖ్లాస్ (చిత్తశుద్ధి) వంటి లోపలి సంగతులకు మాత్రం గడి పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. వాటికి గజాలీ సూచించిన దారి ముహాసబా, రోజు చివర తనను తాను లెక్క అడగడం. ఆ లెక్క ఉస్తాదు దగ్గరే ఉండాలి, కమిటీ ఫైల్లోకి రాకూడదు. కొలతను ఉద్యోగానికి ముడిపెడితే కొలతే చెడిపోతుందని అమెరికా మనోవిజ్ఞాని డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లో హెచ్చరించాడు. కాబట్టి ఈ మూల్యాంకనంలో మొదటి ఏడాది ఫలితాలు ఉస్తాదుకు, ఆయన నమ్మిన ఒక పెద్ద ఆలిముకు మాత్రమే తెలియాలి.

ఇంకొక షరతు. విద్యకు కూలి ఆశించవద్దన్న గజాలీ రెండో విధిని తక్కువ జీతానికి సాకుగా వాడడం విన్నాం. అది గురువు తనకు తాను పెట్టుకునే నియమం, ఇచ్చేవారికి మినహాయింపు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ గౌరవవేతనం ఇమాముకు నెలకు 10,000, అజాన్ ఇచ్చే మౌజన్‌కు 5,000 రూపాయలు. ఇమామే ఉస్తాదైనచోట మక్తబ్ పని విడిగా లెక్కకే రాదు. అందువల్ల సాక్షుల మాటలు నమోదు చేసే మూల్యాంకన పత్రం మొదటి పేజీలో కమిటీ తన వివరాలు నింపాలి: జీతం ఏ తేదీన ఇచ్చింది, ఒక్కరికి ఎంతమంది పిల్లలను అప్పగించింది, వారానికి ఎన్ని పూటలు సెలవు ఇచ్చింది. ఆ పేజీ ఖాళీగా ఉన్న పత్రాన్ని ఆలిము తెరవకుండానే తిప్పి పంపాలి.