షార్ప్ వెనక నడిచిన పటాలాలు

సావనీరుకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు, కాలువలూ తూములూ అంటూ మొదలుపెడతానేమోనని ఆయన కాస్త భయపడినట్టున్నారు. ఆ భయం అక్కర్లేదు. ఒక నవల నాకు నేర్పిన చరిత్ర గురించి రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు మా చేత 1815 జూన్ 18 అనే తేదీని కంఠతా పట్టించారు. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించింది వెల్లింగ్టన్ అని రాస్తే రెండు మార్కులు. ఆ వెల్లింగ్టన్ అంతకు ముందు మన దక్కన్‌లో యుద్ధాలు చేసి పేరు తెచ్చుకున్నాడని నాకు తెలిసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత, ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం వల్ల.

నెపోలియన్ యుద్ధాల మీద ఇంగ్లీషులో సాహస నవలలకు లెక్కలేదు. సి.ఎస్. ఫారెస్టర్ 1937లో హార్న్‌బ్లోయర్ అనే నౌకాదళ అధికారిని సృష్టించాడు. ప్యాట్రిక్ ఓబ్రయన్ 1969లో మరో ఓడ కెప్టెన్‌ను తెచ్చాడు. వాళ్లది సముద్రమైతే బెర్నార్డ్ కార్న్‌వెల్‌ది నేల. భార్య కోసం అమెరికా వెళ్లి, అక్కడ ఉద్యోగం చేయడానికి అనుమతి దొరక్క నవలలు మొదలుపెట్టాడాయన. 1981లో మొదటిది వచ్చింది. కథానాయకుడు రిచర్డ్ షార్ప్ లండన్ వీధుల్లో పెరిగిన అనాథ. మామూలు సిపాయిగా చేరి అధికారి అవుతాడు. అధికారి పదవులను డబ్బు పోసి కొనుక్కునే ఆ సైన్యంలో అది చాలా అరుదు. అందుకే షార్ప్ గెలిస్తే మనకూ సంతోషం.

నాకు దొరికిన పుస్తకం ‘షార్ప్స్ ట్రయంఫ్’. కథ పతాకస్థాయికి చేరేది 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే దగ్గర. తర్వాతి కాలంలో వెల్లింగ్టన్ అయిన ఆర్థర్ వెల్లెస్లీ ఒక గట్టున, సింధియా, భోంస్లేల సైన్యం అవతలి గట్టున. వాళ్లు అనేక రెట్లు ఎక్కువ, వాళ్ల ఫిరంగులూ ఎక్కువే. మధ్యలో కైత్నా నది. దాటడానికి రేవు లేదని దారి చూపేవాళ్లు చెప్పారు. కానీ వెల్లెస్లీకి ఎదురెదురు గట్ల మీద రెండు ఊళ్లు కనిపించాయి. ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ల మధ్య రాకపోకలకు దారి లేకుండా ఉండదనుకున్నాడు. వెళ్లి చూస్తే నిజంగానే రేవు ఉంది. ముప్పై ఏళ్లు వాగుల వెంట సర్వే చేసినవాడిని, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ఇది కల్పన కాదు, జరిగిందే.

మరి కల్పన ఏది? ఆ యుద్ధంలో వెల్లెస్లీ గుర్రం ఒకటి చచ్చిపోయింది, ఇంకొకటి ఈటె పోటు తిన్నది. ఇదీ నిజమే. గుర్రం మీంచి పడిన వెల్లెస్లీని ఒంటరిగా నిలబడి కాపాడింది షార్ప్ అన్నది రచయిత కల్పన. దానికి ముందటి నవలలో 1799లో శ్రీరంగపట్నంలో టిప్పును చంపేది కూడా షార్పే. నిజానికి ఆ సైనికుడెవరో చరిత్రకు తెలియదు. ఆ ఖాళీలోకే కార్న్‌వెల్ తన మనిషిని పంపాడు. అయితే నవల చివర ఒక గమనిక పెట్టి, ఏది జరిగిందో, ఏది తాను కట్టిన కథో విడదీసి చెబుతాడు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఆ గమనిక చదివాకే అస్సాయేలో నిజంగా ఎవరెవరు పోరాడారో వెతికాను. వెల్లెస్లీ వెంట ఉన్న తెల్లవాళ్ల కాల్బలం రెండు పటాలాలు. మద్రాసు సిపాయిలవి ఐదు. గుర్రపు దళాల్లోనూ ఒకటి తెల్లవాళ్లది, మూడు మద్రాసువి. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లూ ఉండేవారు. మద్రాసు నుంచి బెంగాలు వెళ్లిన సిపాయిల్లో మనవాళ్లు ఉండటంతో, ఉత్తరాదిన చాలాకాలం సిపాయిని ‘తిలంగా’ అనే పిలిచారు. శ్రీరంగపట్నం మీదికి వెళ్లినప్పుడు వెల్లెస్లీ చేతికింద ఉన్నది హైదరాబాదు నిజాం పంపిన సైన్యం.

వాళ్లు పోరాడింది మన కోసం కాదు, కుంపిణీ జీతానికి. అవతలి గట్టున ఉన్నదీ ఈ దేశపు సిపాయిలే. అందుకని వాళ్లను వీరులనాలో, మరేమనాలో నేను తేల్చుకోలేకపోయాను. కానీ ఫిరంగుల ఎదుటికి నడిచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. తన యుద్ధాల్లో గొప్పది ఏదని అడిగితే వెల్లింగ్టన్ వాటర్లూ అనకుండా అస్సాయే అన్నాడని చెబుతారు. ఆ గెలుపులో లేని షార్ప్ పేరు ప్రపంచానికి తెలుసు. ఉన్న సిపాయి పేరు ఒక్కటి కూడా నాకు తెలియదు.

ఇది రాస్తుండగా మన బడి గంట కొట్టిన తాత గుర్తొచ్చాడు. ఐదేళ్లపాటు రోజూ ఆయన గంటకే లేచి నిలబడ్డాం. మా బ్యాచ్‌లో నలుగురికి ఫోన్ చేశాను. ‘తాత’ అన్నారే తప్ప ఎవరూ పేరు చెప్పలేకపోయారు. ఈ సావనీరులో ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ల ఫొటోలు ఎలాగూ ఉంటాయి. ఆయన పేరు ఎవరికైనా గుర్తుంటే, దయచేసి స్వర్ణోత్సవాల రోజున నాకు చెప్పండి. పుస్తకం అచ్చైపోయినా సరే, నా కాపీలో చేత్తో రాసుకుంటాను.