లెక్కకు అందని మరణములు

ఊరిలో ఎవరైన మరణించినపుడు ఆ సంగతిని పంచాయతీలోనో, పురపాలక సంఘములోనో నమోదు చేయింతురు. పేరు, వయస్సు, తేదీ, మరణ కారణము మొదలగు వివరములపైననే దేశపు ఆరోగ్య గణాంకములు ఆధారపడి ఉన్నవి. అయితే ఏండ్ల తరబడి సాయుధ సంఘర్షణ సాగిన సీమలో ఈ పని చేయువారెవరు? వ్రాయవలసిన గుమాస్తా పారిపోయి ఉండును. పుస్తకము కాలిపోయి ఉండును. చెప్పవలసిన బంధువు భయముచేత నోరు విప్పడు. అట్టిచోట మృతుల సంఖ్యను కనుగొనుట సాధ్యమా? దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు ఈ ప్రశ్న ఎదురైనది.

1980 మే 17వ తేదీన, ఎన్నికలకు ముందురోజు, అయకూచో ప్రాంతమునందలి చుస్చి అను కొండ గ్రామములో కొందరు ఓట్ల పెట్టెలను తగులబెట్టిరి. 'ప్రకాశించు మార్గము' అను అర్థముగల 'సెండెరో లూమినోసో' పక్షము ప్రభుత్వముపై సాగించిన సాయుధ పోరాటమునకు అది ఆరంభము. 1982 చివర ప్రభుత్వము ఆ ప్రాంతమునకు సైన్యమును పంపెను. అటుపిమ్మట గ్రామస్థులు ఇరువైపులవారి చేతులలోను నలిగిపోయిరి. 1983 ఏప్రిల్‌లో లుకనామార్కాలో సెండెరో దళములు 69 మందిని చంపెను. 1985 ఆగస్టులో అక్కోమార్కాలో సైనికులు స్త్రీలను, పసిపిల్లలను కూడ విడువక పదులకొలది గ్రామస్థులను చంపిరి. 1992 సెప్టెంబరులో సెండెరో నాయకుడు అబిమాయేల్ గుజ్మాన్ పట్టుబడిన తరువాత పోరాటము క్రమముగా తగ్గినది.

జరిగినదానిని విచారించుటకు 2001లో పెరూ ప్రభుత్వము 'సత్య సామరస్య సంఘము'ను నియమించెను. సాల్మోన్ లెర్నర్ దాని అధ్యక్షుడు. సంఘమువారు దేశమంతట తిరిగి సుమారు 17,000 వాఙ్మూలములను సేకరించిరి. ఇతర సంస్థల పట్టికలను కూడ చేర్చి చూడగా, మరణించినవారు, అదృశ్యమైనవారు 23,969 మంది పేర్లతో సహా తేలిరి. మరి ఏ పట్టికకును ఎక్కనివారెందరు?

దీనికి సమాధానము చెప్పు పద్ధతి నిజమునకు చేపలనుండి వచ్చినది. చెరువులోని చేపలన్నిటిని పట్టి లెక్కించుట అసాధ్యము. కొన్నిటిని పట్టి, గుర్తు వేసి, తిరిగి నీటిలో విడిచి, కొంతకాలమునకు మరల వల వేయుదురు. రెండవసారి పడినవాటిలో గుర్తుగలవి ఎన్నియో చూచి మొత్తమును లెక్కకట్టుదురు. 1896లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్సన్ చేపలకు ఇట్లు గుర్తులు వేసెను.

మనుష్యుల విషయములో వలకు బదులు పట్టిక. ఒక ఉదాహరణము చూతము. ఒక జిల్లాలోని మృతులను గూర్చి రెండు సంస్థలు వేరువేరుగా విచారించినవనుకొందము. మొదటి పట్టికలో 120 పేర్లు, రెండవదానిలో 100 పేర్లు ఉన్నవి. రెండింటను ఉన్న పేర్లు 40. అనగా రెండవ పట్టికలోని నూరుగురిలో 40 మందిని మాత్రమే మొదటి సంస్థ కనుగొనగలిగినది. మొత్తము మృతులలో కూడ అది నూటికి 40 మందినే పట్టియుండుననుకొన్నచో, ఆ 120 మంది మొత్తములో నూటికి 40 వంతు కావలెను. కనుక మొత్తము 300. రెండు పట్టికలను కలిపినను తేలిన పేర్లు 180 మాత్రమే. కనబడనివారు 120 మంది.

ఈ పద్ధతికి మన దేశముతో దగ్గరి సంబంధము కలదు. కలకత్తాకు సమీపమందలి సింగూరులో జనన మరణముల నమోదు ఎంతవరకు సరిగా జరుగుచున్నదో తెలిసికొనుటకు, రిజిస్ట్రారు పట్టికను ఇంటింటికి తిరిగి సేకరించిన పట్టికతో పోల్చి చూచిరి. ఆ వివరములపై చంద్రశేఖరన్, డెమింగ్ అను శాస్త్రజ్ఞులు 1949లో ప్రకటించిన వ్యాసము నేటికిని ఈ శాస్త్రమునకు మూలస్తంభములలో ఒకటి. ప్రజలను ఒకే తీరుగల చిన్న సమూహములుగా విడదీసి లెక్కించినచో తప్పు తగ్గునని వారు చూపిరి.

చెప్పుటకు సులభమేగాని ఆచరణలో రెండు చిక్కులు కలవు. మొదటిది పేర్లను గుర్తించుట. ఒకే మనిషి పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగా వ్రాసియుందురు. ఒకే పేరుగలవారు అనేకులుందురు. ఊరు, వయస్సు, తేదీ అన్నియు సరిచూచినగాని ఇద్దరు ఒకరే అవునో కాదో తేలదు. రెండవది పట్టికల స్వతంత్రత. ఒక సంస్థకు చెప్పుకొన్న కుటుంబమే రెండవదానికిని చెప్పినచో ఉమ్మడి పేర్లు పెరిగి అంచనా తగ్గిపోవును. ఒకచోట చెప్పినవారు మరియొకచోటికి పోకున్నచో అంచనా పెరిగిపోవును. అందుచేత పెరూలో రెండు చాలవని మూడు పట్టికలను తీసికొని, ప్రాంతములవారీగా లెక్క వేసిరి. మూడవ పట్టిక ఉన్నపుడు మిగిలిన రెండింటికిగల సంబంధమును కొంత కనిపెట్టవచ్చును.

2003 ఆగస్టులో నివేదిక వెలువడినది. మృతులు, అదృశ్యులు సుమారు 69,280 మంది అని తేలినది. నూటికి 95 పాళ్ల విశ్వాసముతో ఈ సంఖ్య 61,007కు, 77,552కు నడుమ ఉండవలెను. అంతకుముందు లోకము చెప్పుకొనుచుండిన 35,000 ఎక్కడ, ఇది ఎక్కడ! పేర్లు తెలిసినవారు మూడింట ఒక వంతు మాత్రమే. నమోదైన మృతులలో నూటికి 75 మందికి మాతృభాష కెచువా గాని మరియొక స్థానిక భాష గాని. 1993 జనాభా లెక్కలలో అట్టివారు నూటికి 16 మందే. రాజధాని లీమాలో కూర్చున్నవారికి ఇన్ని వేల మరణములు ఏల కనబడలేదో దీనివలన కొంత బోధపడును.

అయినను ఈ అంకెలు వివాదమునకు అతీతములు కావు. సెండెరో చంపినవారి పేర్లు ఇతర సంస్థల పట్టికలలో తక్కువగా ఉండుటచే, ఆ భాగమును సంఘము పరోక్షముగా లెక్కకట్టవలసి వచ్చెను. మృతులలో నూటికి 46 వంతు సెండెరో వలన, 30 వంతు ప్రభుత్వ బలగముల వలన అని నివేదిక చెప్పెను. 2019లో సిల్వియో రెండోన్ అను పరిశోధకుడు ఇదే సమాచారమును వేరొక రీతిని పరిశీలించి, మొత్తము సుమారు 48,000 అనియు, అందు ప్రభుత్వ బలగముల వంతే ఎక్కువ అనియు వాదించెను. మొదటి గణకులు ఆ సంవత్సరమే దానిని ఖండించుచు సమాధానము వ్రాసిరి. పద్ధతిని, సమాచారమును దాచక బయటపెట్టుటచేతనే ఇట్టి చర్చకు వీలు కలిగినది. వట్టి ఊహాసంఖ్యతో ఎవరును ఇట్లు వాదింపలేరు. ఇరుపక్షములవారి లెక్కలోను, పేర్లు తెలిసినవారికంటె మృతులు ఎంతో ఎక్కువ అను మాట మాత్రము నిలిచియున్నది.

అంచనా ఎంత నిపుణముగా వేసినను అది ఒక్క తల్లికి ఆమె కుమారుని పేరును చూపదు. 2016లో పెరూ ప్రభుత్వము అదృశ్యులను వెదకుటకు ఒక చట్టము చేసినది. 20,000కు పైబడిన అదృశ్యుల పేర్లు నమోదైనవి. త్రవ్వితీసిన ఎముకలను బంధువుల రక్తముతో పోల్చి గుర్తించుచున్నారు. ఇంకను ఎందరు మిగిలియున్నారో గణితశాస్త్రము చెప్పగలదు. వారెవరో తెలియుటకు మాత్రము ఊరూరికిపోయి, మనుష్యులను వారి భాషలోనే అడిగి, ఓపికతో వ్రాసికొనవలసినదే.