గృహహింస: ఆ తలుపు తట్టేది ఎవరు?

భారతదేశంలో పెళ్లయిన మహిళపై చెయ్యి చేసుకునేది చాలా సందర్భాల్లో భర్తే. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 18–49 ఏళ్ల వివాహిత మహిళల్లో 29 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. కర్ణాటకలో ఇది 44 శాతం, బిహార్‌లో 40, తెలంగాణలో 37, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం.

మౌనమే పెద్ద అడ్డంకి

హింస అనుభవించిన మహిళల్లో సాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సాయం కోరలేదు సరికదా, ఎవరికీ చెప్పుకోనూ లేదు. సాయం అడిగినవారిలోనూ ఎక్కువమంది వెళ్లింది పుట్టింటికి. పోలీసుల దాకా వెళ్లినవారు చాలా తక్కువ. ఇంటిగుట్టు బయటపెట్టకూడదన్న కట్టుబాటు దీనికి ఒక కారణం, కొట్టడం తప్పు కాదన్న నమ్మకం మరో కారణం. అత్తమామలను గౌరవించకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం వంటి ఏడు కారణాలను సర్వేలో ముందుంచారు. వాటిలో కనీసం ఒకదానికైనా భార్యను కొట్టడం సమంజసమేనని దేశంలో 45 శాతం మహిళలు చెప్పారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలా చెప్పినవారు దాదాపు 84 శాతం.

చట్టం ఏం చెబుతోంది?

1983లో వచ్చిన 498–ఎ సెక్షన్ భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరంగా గుర్తించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు దాని స్థానంలో ఉన్నాయి. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం మాటలతో వేధించడాన్ని, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే పరిగణిస్తుంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో నివసించే హక్కును భార్యకు ఇచ్చింది. బాధితురాలే రావాలన్న నియమం లేదు. ఇరుగుపొరుగువారెవరైనా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై ఎలాంటి చర్యా ఉండదు.

సమాజం చేసిన ప్రయత్నాలు

ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు. పొరుగువారిని కదిలించడానికి 2008లో బ్రేక్‌త్రూ సంస్థ ‘బెల్ బజావో’ ప్రచారం మొదలుపెట్టింది. పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్ కొట్టమన్నది దాని పిలుపు.

గుజరాత్‌లో 1990ల్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద ‘నారీ అదాలత్’లు మొదలయ్యాయి. పెద్దగా చదువుకోని గ్రామీణ మహిళలే అక్కడ ఇరుపక్షాల వాదనలూ విని ఒప్పందాలు రాయించేవారు. ముంబయిలోని బాంద్రా భాభా ఆసుపత్రిలో మొదలైన ‘దిలాసా’ కేంద్రం మరో దారి చూపింది. గాయాలతో వచ్చిన మహిళను అనుమానం ఉంటే విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం అక్కడి పద్ధతి. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడటానికి తాగొచ్చి కొట్టే భర్తలూ ఒక కారణమే. ఆ పోరాటం 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది.

సర్దుబాటులోని ప్రమాదం

సమాజం జోక్యం చేసుకున్న ప్రతిచోటా మహిళకు మేలు జరుగుతుందనుకోలేం. పెద్దమనుషుల పంచాయతీ చాలాసార్లు ‘సర్దుకుపొమ్మని’ చెప్పి ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపుతుంది. అక్కడ కాపురం నిలబడటమే లక్ష్యం. ‘దిలాసా’ వంటి కేంద్రాలు ముందుగా ఆలోచించేది ఆమె భద్రత గురించి. ఇంటికి తిరిగి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఆమెకే వదిలేస్తాయి.

అత్యవసర సమయంలో 112కు, మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రాల్లో వైద్యం, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట అందుతాయి.